ఆయ్ అంటే అవుననా?

మా కోనసీమలో "ఆయ్" అనే మాట ఒకటుంది. అవునని చెప్పడానికీ అదే, విన్నానని చెప్పడానికీ అదే, "మీరు చెబుతూనే ఉండండి, నేను మాత్రం నమ్మను" అనడానికీ అదే. తేడా అంతా సాగదీయడంలో ఉంటుంది. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు మధ్యమధ్యలో ఆయ్ అనకపోతే మా అమ్మ నెత్తిమీద మొట్టికాయ వేసేది. "నోట్లో ముత్యాలున్నాయా, తెరిస్తే రాలిపోతాయా?" అని అడిగేది. అలా పెరిగినదాన్ని. కొబ్బరికాయల బేరగాడికీ ఆయ్ అంటాను, బస్సు కండక్టరుకీ ఆయ్ అంటాను, నన్ను తిట్టడానికి వచ్చిన పక్కింటావిడకి కూడా ముందు ఆయ్ అని ఆ తర్వాతే తిరిగి తిడతాను.

ఈ చిన్న మాట ఒకసారి నా ఉద్యోగం ఊడగొట్టబోయింది. అంతకన్నా ఘోరం, నేను సంతకం పెట్టి మరీ రాసిన నిజాన్ని నా నోటితోనే అబద్ధం చేయబోయింది. అది చెప్పకుండా పోతే నాకు నిద్ర పట్టదు. ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో మాత్రం చెప్పను. అమలాపురం అంటే అమలాపురం వాళ్ళు మీద పడతారు, రాజోలంటే రాజోలు వాళ్ళు పడతారు. ఏటిగట్లూ కాలవలూ చూసుకునే సర్కారు ఆఫీసు. నేనక్కడ టైపిస్టుని. అంతవరకు చాలు.

తొంభైల చివరి రోజులు. మా ఊరు గోదావరి పాయ గట్టుని ఆనుకుని ఉంటుంది. గట్టుకి అటు ఏరు, ఇటు మేము. శ్రావణంలో వరద వచ్చిందంటే ఏరు మా చూరు కన్నా ఎత్తున పారుతుంది. మధ్యలో ఆ మట్టి గోడ ఒక్కటే దిక్కు. మా ఆయన మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. మా అత్తగారు పొట్టి మనిషి, నోరు మాత్రం పొడుగు. ఆవిడకి నేనంటే ప్రేమో కాదో ఇప్పటికీ తెలియదు గాని, గట్టంటే మాత్రం ప్రాణం. చిన్నప్పుడు ఒకసారి గట్టు తెగి ఆవిడ పుట్టిల్లు పోయింది.

ఆ ఏడు గట్టు ఎత్తు పెంచే పని వచ్చింది. మట్టి దూరం నుంచి లారీల్లో తెచ్చి పొయ్యాలి, తొక్కించాలి, ఎత్తు చెయ్యాలి. కాగితం మీద ఉన్నది అదీ. కంట్రాక్టరు మా ఊరివాడే. గట్టు కిందే పెద్ద మేడ. వేసవి మొదలయ్యేసరికి పొక్లెయిన్ దించాడు. లారీలు మాత్రం రాలేదు. గట్టుకి మా ఊరి వైపు, సరిగ్గా దాని మొదట్లోనే తవ్వడం, తవ్వింది తీసి పైన పొయ్యడం. జీపులో గట్టు మీద పోయేవాళ్ళకి గట్టు బ్రహ్మాండంగా ఎత్తు పెరిగినట్టే కనిపిస్తుంది. కిందకి దిగి చూస్తే గొయ్యి. ఆ గోతుల్లో నీళ్ళూరి, కప్పలు చేరి, పిల్లలు గాలాలు కూడా వేశారు.

మా అత్తగారు ఓ పొద్దున్న పాల చెంబుతో తిరిగొచ్చి అరుగు మీద చతికిలబడ్డారు.

"ఏమేవ్, చూసేవా? గట్టు కాళ్ళు తవ్వేసి నెత్తిన పోత్తన్నారు. రేపు వరదొత్తే ఏ కాళ్ళ మీద నిలబడుద్దే అది?"

ఇందులో రహస్యమేమీ లేదు. ఊరంతా చూసింది. అందరూ గట్టెక్కి చూసేవారు, "అన్యాయమండీ" అనుకునేవారు, దిగి ఇంటికిపోయి పప్పుచారు తినేవారు. కంట్రాక్టరు ఎదురైతే నమస్కారాలు. ఆయన పిలిస్తే పెళ్ళిళ్ళకి, పేరంటాలకి. పిల్లి మెడలో గంట కట్టే మాట వచ్చేసరికి అందరికీ ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగేవి.

నేనూ మొదట్లో ఊరుకునేదాన్నేమో. కాని ఆ పని తాలూకు కాగితాలు టైపు కొట్టాల్సింది నేనే. "దూరప్రాంతము నుండి లారీలలో తెప్పించబడిన మట్టితో" అని ఉంది చిత్తులో. ఆ ముక్క దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. పొద్దున్న మోపెడ్ మీద వస్తూ అదే గోతుల పక్కనుంచి వచ్చాను, నా చీర కుచ్చెళ్ళకి ఆ బురద ఇంకా ఆరలేదు. లేచి వెళ్ళి డీఈ గారి బల్ల మీద పెట్టాను ఆ కాగితం. డీఈ అంటే మా ఆఫీసుకి పెద్ద ఇంజనీరు. ఆయనదీ ఈ సీమే, కొత్తపేట వైపు మనిషి. మెత్తగా, తీయగా మాట్లాడతారు.

"ఇది నేను కొట్టనండి."

"ఏమ్మా, రిబ్బన్ అయిపోయిందా?"

"రిబ్బన్ ఉందండి. లారీలే రాలేదండి."

ఆయన నవ్వారు. "టైపిస్టుకి మట్టితో ఏం పనమ్మా? అక్షరాలు చూసుకో. తప్పుల్లేకుండా కొట్టు, చాలు."

"అక్షరాలన్నీ బాగానే ఉన్నాయండి. మాటే తప్పు."

ఆ కాగితాన్ని బజార్లో టైపు ఇనిస్టిట్యూట్‌లో కొట్టించుకున్నారు. నాకు మరునాటి నుంచి సీటు మారింది, బాత్రూమ్ గోడ పక్కకి. వాసనకి ముక్కు మూసుకుని కూర్చున్నాను గాని, నోరు మూసుకుని కూర్చోలేదు. పై ఆఫీసుకి ఫిర్యాదు రాయాలని ఆ కంపులోనే నిర్ణయించుకున్నాను.

పక్క సీటు గుమస్తాగారు మంచివారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. నా ముఖం చూసి కనిపెట్టారు.

"రాసేద్దామనుకుంటన్నారా అమ్మా?"

"ఆయ్."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తప్పదంటే ఆకాశరామన్నని పిలవండి. పేరు లేకుండా పడేయండి పోస్టులో."

"మనం కాలవ గట్టున పుట్టినవాళ్ళమండి. అడుసు తొక్కకుండా ఎవరు పెరిగేరు?" అన్నాను. కాని ఆయన మాట రెండు రోజులు నన్ను పీడించింది. ఆకాశరామన్న ఉత్తరం. మా ఆఫీసుకి అలాంటివి వారానికోటి వచ్చేవి, వాటి గతి నాకు తెలుసు. పేరూ ఊరూ లేని ఉత్తరం మీద విచారణ అక్కర్లేదని రూలు. చింపి బుట్టలో వేస్తారు. పోనీ పేరు పెట్టి రాస్తే? ఎవరి మీద రాశామో వాళ్ళకే ఆ ఉత్తరం నకలు పంపి, "దీనికి మీరేమంటారు?" అని అడగడం ఆనవాయితీ. అంటే పేరు లేకపోతే బుట్టలోకి, పేరుంటే దొంగ చేతిలోకి. దొంగని పట్టిచ్చినవాడిని కాపాడే కాగితం ముక్క ఒక్కటైనా ఉందా అని ఆఫీసు బీరువాలో ఉన్న రూల్సు పుస్తకాలన్నీ తిరగేశాను. సైకిలు కొనుక్కోడానికి అడ్వాన్సు ఎలా తీసుకోవాలో ఉంది. సెలవు పెట్టి పొరుగూరు వెళ్ళాలంటే ఎవరి అనుమతి కావాలో ఉంది. నిజం చెప్పినవాళ్ళని ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. ఏం చెయ్యాలో వాళ్ళకి రూలు లేకుండానే తెలుసు మరి.

ఇంటికొచ్చి మా అత్తగారితో అన్నాను. ఆవిడ ములక్కాడలు తరుగుతున్నారు.

"ఆకాశరామన్న ఇల్లు ఆకాశంలో ఉందే. ఆడికి వరదేంటి?" అన్నారు. "మన ఇల్లు గట్టు కింద ఉంది. మన పేరే రాయి."

అంతే. తెల్లకాగితం మీద నా చేత్తోనే రాశాను. టైపు కొడితే మిషను ఆఫీసుది, సొంత పనికి వాడిందని అదో నేరం పెడతారు. "గట్టు కాళ్ళు తవ్వి నెత్తిన పోస్తున్నారు" అని మా అత్తగారి మాటే పెట్టాను. అంతకన్నా బాగా ఏ ఇంజనీరు చెప్పగలడు? కింద నా పేరు, హోదా, ఇంటి చిరునామా. పోస్టాఫీసులో రిజిస్టరు చేసేముందు కవరు మీద చిరునామా మూడుసార్లు సరిచూసుకున్నాను. భయమే, ఒప్పుకోడానికి నాకేం సిగ్గు? బయటికొచ్చి బండి దగ్గర నిలబడి జంగారెడ్డిగూడెం వెళ్ళే బస్సు కేసి ఊరికే చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. తర్వాత బెండకాయలు కొనుక్కుని ఇంటికి వెళ్ళాను.

మా వైపు బెదిరింపులు కూడా మర్యాదగానే ఉంటాయి. ఒక సాయంత్రం గట్టు మీద వస్తుంటే కంట్రాక్టరు ఎదురొచ్చి బండి ఆపించాడు. ముందు నమస్కారం పెట్టాడు.

"ఏం చెల్లెమ్మగారూ, బాగున్నారా అండీ? బావగారు ఫోన్ చేస్తన్నారా?"

"ఆయ్. బాగున్నామండి."

"గట్టుకి కాళ్ళుంటాయని నాకు తెలవదండీ ఇన్నాళ్ళూ. మీరు రాసేరంట. తవ్వేమంట కదండీ కాళ్ళు?"

నా ఉత్తరంలో మాట. అచ్చంగా నా ఉత్తరంలో మాట ఆయన నోట్లోంచి వచ్చింది. పేరుంటే దొంగ చేతిలోకి అన్నది నిజమే అయింది, భయమేసింది.

"పిల్లలు బడికి ఈ గట్టు మీంచే వస్తారు కదండీ? లారీలు తిరుగుతా ఉంటాయి. జాగ్రత్తండీ. అదే చెబుదామని." మళ్ళీ నమస్కారం.

ఆ చివరి మాటకి భయం పోయి ఒళ్ళు మండింది. "అదేంటండీ అన్నయ్యగారూ," అన్నాను, "లారీలు తిరగట్లేదనే కదండీ నేను రాసింది? తిరిగితే మంచిదేనండీ. మట్టి వేసుకుని తిరగమనండీ."

ఆయన మొహం చూడాల్సింది! తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదరవంటారు. బెదురుతాయి, నిజం చెప్పాలంటే. మర్నాటి నుంచి నేనే పిల్లల్ని బడిలో దింపి ఆఫీసుకి వెళ్ళేదాన్ని. కాని బెదిరిన కుందేలు పరిగెత్తి తీరాలని ఎక్కడుంది?

ఊరు మాత్రం పక్కకి తప్పుకుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నా వెనకాల అనేవారు, నాకు వినపడేంత గట్టిగా. మా ఆయన మస్కట్ నుంచి ఫోన్ చేసి, "నీకెందుకే ఈ గొడవ? ఉద్యోగం పోతే?" అన్నారు. "పోతే టైపు నేర్పుకుని బతుకుతాను. గట్టు పోతే ఎక్కడుండి నేర్పను?" అన్నాను.

తర్వాత విచారణ వచ్చింది. పై నుంచి ఒక అధికారిని వేశారు. వేరే జిల్లా మనిషి, గోదావరి నీళ్ళు తాగి ఎరగరు. నాకు మెమో ఇచ్చారు. అందులో ఒక వాక్యం ఎర్రగీతతో ఉంది. ఫిర్యాదు అబద్ధమని తేలితే, లేక దురుద్దేశంతో చేసిందని తేలితే, ఉద్యోగం నుంచి తీసేసేదాకా చర్య ఉంటుంది. గట్టు తవ్వినవాడికి మెమో లేదు. తవ్వారని చెప్పినదానికి మెమో.

ఆ రోజు మా అత్తగారు పట్టుచీర కట్టుకుని బయల్దేరారు.

"మీరెందుకండీ అత్తయ్యగారూ?"

"కోర్టుకెళ్తే తోడుండాలంట."

"ఇది కోర్టు కాదండీ."

"మరీ మంచిది. కోర్టులో అయితే నన్ను మాటాడనివ్వరు." వచ్చి ఆఫీసు వరండాలో, సరిగ్గా డీఈ గారి గది కిటికీ కింద, బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.

లోపల విచారణ అధికారి, పక్కన మా డీఈ గారు. ఫిర్యాదు ఎవరి మీదో ఆయన్నే పక్కన కూర్చోబెట్టి నన్ను ప్రశ్నలడగడం! అదీ పద్ధతే అప్పట్లో. విచారణ అధికారి చెడ్డమనిషిలా లేరు. ఎండకి వాడిపోయి, సాయంత్రం బస్సు అందుకోవాలన్న కంగారులో ఉన్నారు. ఆయన అడిగే తీరు అడిగినట్టుండేది కాదు, చదివి వినిపిస్తున్నట్టుండేది.

"చూడమ్మా. నీకు ఈ ఆఫీసులో సీటు మార్చారు."

"ఆయ్."

"దాంతో డీఈ గారి మీద మనసులో కోపం పెట్టుకున్నావు."

"ఆయ్." పెద్దాయన మాట్లాడుతున్నారు, పూర్తి కానిద్దామని నా ఉద్దేశం.

"ఆ కోపంతోనే ఈ ఫిర్యాదు రాశావు."

"ఆయ్..." వింటున్నానండీ, చెప్పండి, మీరయ్యాక నేను చెబుతాను. నా లోపల అదీ నడుస్తున్నది.

"మట్టి పనుల గురించి నీకు సాంకేతిక పరిజ్ఞానం లేదు. కొలతలు నువ్వు తీయలేదు. ఎవరో చెప్పింది విని రాశావు."

"ఆయ్." ఇక నేను మొదలుపెట్టబోయాను. సీటు మార్చింది ఫిర్యాదుకి ముందే, నేను ఆ కాగితం కొట్టనన్నందుకని. ఎవరో చెబితే కాదు, నా కళ్ళతో చూశానని. అప్పటికే ఆయన కలం మూత పెట్టేశారు. రాసినదంతా నా వైపు తిప్పారు.

"వ్యక్తిగత ద్వేషంతో, విషయం తెలియకుండా ఫిర్యాదు చేసినట్లు ఒప్పుకొనుచున్నాను." కింద నా సంతకానికి చోటు వదిలారు.

"ఇది నేనెప్పుడన్నానండీ?"

"అదేంటమ్మా! అడిగినదానికల్లా ఆయ్, ఆయ్ అన్నావు. ఇప్పుడు కాదంటావా?"

"ఆయ్ అంటే అవునని కాదండీ! మీరు చెప్పింది విన్నానని."

ఆయన విసుక్కున్నారు. తప్పులేదు, ఆయన వైపు ఆ మాట లేదు. డీఈ గారి కేసి తిరిగారు. "ఏమండీ, మీరు ఈ ప్రాంతం వారే కదా. ఆయ్ అంటే ఏమిటి మీ భాషలో?"

నేను డీఈ గారి ముఖంలోకి చూశాను. ఆయనా ఆయ్ అంటూ పెరిగినవాడే. వాళ్ళమ్మా మొట్టికాయలు వేసే ఉంటుంది. ఆ మాటలో ఎన్ని రంగులుంటాయో నాకెంత తెలుసో ఆయనకీ అంత తెలుసు. ఆయన నా కేసి చూడలేదు.

"అవుననే అర్థం సార్. మా వైపు ఎవరినడిగినా చెప్తారు."

దొంగతనం చేశాడంటే అంత కోపం రాలేదు నాకు. మట్టి తిన్నాడు సరే, ఇప్పుడు అమ్మ నేర్పిన మాట కూడా అమ్ముకున్నాడు. ఏడుపొచ్చింది. ఏడిస్తే సంతకం పెట్టిస్తారని తెలిసి మింగేశాను. "సంతకం పెట్టనండి," అన్నాను.

"పెట్టకపోతే పెట్టలేదని రాస్తాను," అన్నారు అధికారి. "నాకు రెండూ ఒకటే. డీఈ గారూ, ముగించే ముందు పద్ధతి ప్రకారం మీ వివరణ కూడా రాసుకోవాలి. ఈమె ఆరోపణలు ఒక్కొక్కటీ చదువుతాను." నా ఉత్తరం తీశారు.

"పని జరిగేటప్పుడు మీరు ఒక్కరోజు కూడా గట్టు మీదికి వెళ్ళలేదు."

డీఈ గారు కుర్చీలో కొంచెం ముందుకి వంగారు, పై అధికారి కదా. "ఆయ్."

"కంట్రాక్టరు గట్టు మొదట్లో మట్టి తవ్వుతుంటే తెలిసీ ఊరుకున్నారు."

"ఆయ్."

"లారీలు రాకపోయినా వచ్చినట్టు రాయించారు."

"ఆయ్... "

"రాసుకోండి సార్!" అని అరిచాను. నిజంగానే అరిచాను. గదిలో ఫ్యాను కూడా ఉలిక్కిపడి ఉంటుంది.

"ఏమిటమ్మా రాసుకునేది?"

"డీఈ గారు ఒప్పుకున్నారండి. అన్నీ ఒప్పుకున్నారు. గట్టు మీదికి వెళ్ళలేదంటే ఆయ్ అన్నారు, తెలిసీ ఊరుకున్నారంటే ఆయ్ అన్నారు, లారీలు రాలేదంటే ఆయ్ అన్నారు. ఆయ్ అంటే అవుననే అర్థమని ఇప్పుడే ఆయన నోటితో చెప్పేరు కదండీ. నావి రాసేరు, ఆయనవీ రాయండి. సంతకం పెట్టించండి."

డీఈ గారు కుర్చీలోంచి లేచిపోయారు. "అబ్బెబ్బే! అది కాదు సార్! నేను ఆయ్ అన్నది విన్నానని సార్! మీరు చదువుతుంటే వింటున్నానని..."

అని ఆగిపోయారు. అప్పుడు తెలిసింది ఆయనకి, ఏమన్నారో.

కిటికీ కింద నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "ఆఆఆయ్!" అని, చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వినపడేంత సాగదీసి. నమ్మేశాంలే నాయనా అనడానికి మా వైపు అలాగే అంటారు.

విచారణ అధికారి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆయన రాసిన కాగితాన్ని నిలువునా చింపారు. తెల్లకాగితం నా ముందు పెట్టి, "నువ్వే రాయమ్మా. నీ చేత్తో, నీ మాటల్లో," అన్నారు. రాశాను. ఒక్క చోట కూడా ఆయ్ లేకుండా. తర్వాత ఆయన బస్సు వదిలేసుకుని గట్టు చూడ్డానికి వచ్చారు. బూట్లతో గోతిలోకి దిగారు, చీలమండలదాకా బురదలో. పైకెక్కాక నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"నీ స్టేట్‌మెంటుని కాపాడగలనమ్మా. నిన్ను కాపాడే రూలు మాత్రం నా దగ్గర లేదు."

నిజమే చెప్పారు. వానలకి ముందే లారీలు వచ్చాయి. మా ఊరి ఎదురుగా గోతులన్నీ ఎర్రమట్టితో పూడ్చారు. గట్టు వంపు దాటాక ఉన్న గోతుల్ని మాత్రం అలాగే వదిలేశారు, అక్కడెవరూ అడగలేదు గనక. డీఈ గారికి ఏమీ కాలేదు, అమలాపురంలో ఇల్లు కట్టుకున్నారు. నాకు బదిలీ అయింది, జిల్లా ఆ చివర, కొండల దగ్గరికి. పరిపాలనా సౌలభ్యం కోసమట! ఎవరికి సౌలభ్యమో రాయలేదు. పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి, ఆదివారాలు వచ్చి పోయేదాన్ని. రావులపాలెం దాటేదాకా బస్సులో ఏడ్చేదాన్ని, దాటాక కళ్ళు తుడుచుకుని వేరుశెనక్కాయలు కొనుక్కునేదాన్ని. శిక్ష అనుకున్నారు వాళ్ళు. వాళ్ళ మొహం! అక్కడా గట్లున్నాయి, కాలవలున్నాయి, టైపు మిషనుంది. టైపిస్టు చదివి గాని కొట్టదని ఆ ఆఫీసుకి నాకన్నా ముందే కబురు చేరింది. ఎవరూ నా బల్ల మీద దొంగకాగితం పెట్టలేదు.

కొన్నేళ్ళకి పేపర్లో చదివాను, అవినీతి గురించి చెప్పినవాళ్ళ పేరు బయటపెట్టకూడదని ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చిందని. ఎవరిదో ప్రాణం పోయాక వచ్చింది. అది కేంద్రం వాళ్ళ ఉద్యోగులకేనట, మా గట్లదాకా రాదట. తర్వాత సమాచార హక్కు చట్టం వచ్చింది. అడిగే హక్కు ఇచ్చారు, సంతోషం. అడిగినవాడు మర్నాడు క్షేమంగా గట్టు మీద నడిచే హక్కు ఏ చట్టంలో ఉందో చెప్పమనండి. నన్ను కాపాడింది చట్టం కాదు. ఒక అధికారి బస్సు వదులుకోవడం, ఒక దొంగ మర్యాద మానుకోలేకపోవడం. రేపు రాసే అమ్మాయికి అవి దొరక్కపోవచ్చు. దాని ధైర్యం మీద, దాని అదృష్టం మీద వదిలేసి కూర్చున్న సర్కారుకి సిగ్గుండాలి. ఈ మాట ఎవరడిగినా అంటాను, నా పేరుతోనే అంటాను.

చాలా ఏళ్ళకి మళ్ళీ ఇటు బదిలీ మీద వచ్చాను. ఆ తర్వాతే గోదావరికి పెద్ద వరద వచ్చింది. మా ఊరి దగ్గర గట్టు నిలబడింది, అది ముందే చెప్పేస్తున్నాను, మీకు కంగారెందుకు. వంపు దాటాక, ఎర్రమట్టి పొయ్యని చోట, ఊట దిగి జారింది. ఇసక బస్తాలతో రెండూళ్ళ జనం పడి ఆపారు.

ఆ మధ్యాహ్నం మాత్రం అవేవీ తెలియవు మాకు. ఊరంతా గట్టు మీదే ఉంది, మంచాలతో, గేదెలతో, గ్యాసు సిలిండర్లతో. నీళ్ళు గట్టు అంచుకి జానెడు కింద, కొట్టుకొచ్చిన కొబ్బరి మట్టలతో, ఎర్రగా. మా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టాం, ఆవిడకి అప్పటికి నడక లేదు, నోరు మాత్రం ఉంది. ఆ పక్కనే కంట్రాక్టరు. మేడ ఉన్నా లాభం లేదు, అది గట్టు కిందే కదా. ముసలాడయ్యాడు. మనవరాలిని చంకనేసుకుని నీళ్ళ కేసీ, కాళ్ళ కింద మట్టి కేసీ చూస్తున్నాడు. కాసేపటికి నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు. నమస్కారం పెట్టలేదు, చేతుల్లో పిల్ల ఉంది.

"చెల్లెమ్మా," అన్నాడు. "గట్టు ఆగుద్దంటావా?"

ఆ పాప నా కేసే చూస్తోంది. మా అత్తగారు కుర్చీలోంచి తలెత్తి నా కేసి చూశారు.

"ఆయ్," అన్నాను.